సభ్యుల జాబితాలో మార్పు

ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి
ఇనుము రుచి ఉంటుంది.
ఈ ఊళ్ళో ముసలితనం ముందు వంతెనలకి,
ఆ తర్వాతే మనుషులకి.
చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు
మార్చి కల్లా రివెట్ల సందుల్లో కాపురం పెడుతుంది.

అందుకే ఈ పదకొండు మంది,
ఒకరి ఖాతాదారుల్ని ఒకరు తన్నుకుపోయినవాళ్ళు,
ఒకరి టెండరు కింద ఒకరు గోతులు తవ్వినవాళ్ళు,
మూడు నెలలకోసారి
హోటల్ వెనక గదిలో కూచుని
తుప్పు గురించి మాట్లాడుకుంటారు.

నేను వాళ్ళ వకీలుని.
కాఫీలు పోసుకోకముందే లేచి చదువుతాను:
ధరలెత్తొద్దు. గిరాకీల పేర్లెత్తొద్దు.
ఏ జిల్లా ఎవరిదన్న పంపకం వద్దు.
"పోనీ, వాన గురించి?" అంటాడు ఓర్విల్ స్ట్రౌడ్.
ప్రతిసారీ అదే మాట,
ప్రతిసారీ నవ్వుతారు.
నేను పెన్ను పైకెత్తితే
వాక్యం ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి.

చట్టంతో వాళ్ళకున్న ఒప్పందం ఇంతే:
పేర్లు దాచకండి.
ఎవరు చేరారో ఎవరు పోయారో
తొంభై రోజుల్లో చెప్పండి, గెజెట్‌లో అచ్చేస్తాం.
రేపు ఎవరైనా మీ మీద దావా గెలిస్తే
మూడింతలు కక్కాల్సిన చోట
జరిగిన నష్టం మేరకే కట్టుకోండి.

సంసారం గుట్టు, రోగం రట్టు.
తుప్పు రోగం. ధర సంసారం.
ఇరవై రెండేళ్ళుగా
ఆ రెంటి మధ్య గడప మీద నా కుర్చీ.

అక్టోబరు సమావేశానికి
వెండెల్ పియెకార్‌స్కీ గోనెసంచీతో వచ్చాడు.
వాళ్ళ నాన్న పెట్టిన జింకు పూతల ఫ్యాక్టరీ వాడిది.
ఏడేళ్ళు రేవు కింద వేలాడిన ఉక్కు పలకల్ని
బల్ల మీద వరసగా పేర్చాడు,
పేకముక్కలంత జాగ్రత్తగా.
మొదటి మూడూ చిల్లుల జల్లెడలు.
నాలుగోది
నిన్న కొన్నట్టుంది.
ఎవరూ మాట్లాడలేదు. ఎవరో చెంచా కింద పెట్టారు.

అప్పుడన్నాడు వెండెల్:
"ఈ ఏడు జింకు కొనాలంటే మా..."

పెన్నెత్తాను.

నోరు మూసుకున్నాడు.
నాలుగో పలక తీసి ఓర్విల్ చేతిలో పెట్టాడు.
ఓర్విల్ బొటనవేలితో అంచు నిమిరాడు,
తిరిగివ్వడం మర్చిపోయాడు.

డిసెంబరులో నాకో ఉత్తరం. ఒకే వాక్యం.
దాన్నే ప్రభుత్వ భాషలోకి ఎక్కించాను:
పియెకార్‌స్కీ అండ్ సన్స్, ఈరీ, పెన్సిల్వేనియా,
ఈ బృందం నుంచి వైదొలిగింది.
సభ్యత్వంలో గానీ, తలపెట్టిన పరిశోధనలో గానీ
మరే మార్పూ లేదు.
సభ్యత్వానికి తలుపులు తెరిచే ఉన్నాయి.

మరే మార్పూ లేదు అని టైపు చేసి
టీ పెట్టుకోడానికి లేచాను.
కాసేపు కెటిల్ స్విచ్ వెయ్యలేదు.

ఫిబ్రవరిలో ఓర్విల్ ఫోను.
"పక్క కుర్చీ వాడు మూత వేసుకున్నాడని
నేను గెజెట్‌లో చదివి తెలుసుకోవాలా?
ఆ రోజు ఏం చెప్పబోయాడు?"
తెలీదన్నాను.
ధర చెప్పబోయాడేమో.
ఫ్యాక్టరీ పోతోందని చెప్పబోయాడేమో.
సగం వాక్యానికి రెండు దారులూ ఉంటాయి.
నేను చేసింది చట్టప్రకారం సరే,
ఇప్పుడైనా అదే చేస్తాను.
జరిగిన నష్టం మేరకు అంటారే,
దాన్ని కొలిచే టేపు మాత్రం
మా ఆఫీసులో లేదు.

ఏప్రిల్లో మంచు విరిగింది.
కొత్త పలకలు వేలాడదీసే పని ఈసారి ఓర్విల్‌కి పడింది.
మళ్ళీ ఫోను చేశాడు, గొంతు తగ్గించి:
"రేవు కింద కొక్కేలు ఎక్కడున్నాయో
వెండెల్‌కే తెలుసు.
సభ్యుడు కాని మనిషిని
పడవ ఎక్కించుకోవచ్చా?"

నిబంధనల పుస్తకం తీశాను.
వెనక నుంచి ముందుకి కూడా తిప్పాను.
పడవ మాట ఎక్కడా లేదు.

లైఫ్ జాకెట్లు వేసుకోండన్నాను,
ఇద్దరూ.